మందులు లేకుండా వేడి ఆవిర్లు తగ్గుతాయా?

ముట్లుడిగే వయసులో వచ్చే వేడి ఆవిర్ల గురించి ఇటీవల అనేక ఉత్తరాలు అందాయి. వాటిలో చాలావరకు అడిగిన ప్రశ్న ఒక్కటే: మందుల జోలికి పోకుండా ఉపశమనం దొరుకుతుందా? అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలు తొలగించి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నా వయసు 50 సంవత్సరాలు. ఉపాధ్యాయురాలిని. ఆరు నెలలుగా నెలసరి ఆగిపోయింది. పాఠం చెబుతూ ఉండగా ఉన్నట్టుండి ఛాతీలో మొదలైన సెగ మెడ మీదుగా ముఖానికి ఎగబాకుతుంది. ముఖం కందిపోయి చెమట ధారకడుతుంది, గుండె దడదడలాడుతుంది, రెండు మూడు నిమిషాలు గడిచాక చలి వేస్తుంది. పిల్లలంతా నన్నే చూస్తున్నారన్న సిగ్గుతో చెప్పవలసిన పాఠం మరచిపోతున్నాను. డాక్టరు గారు హార్మోన్ మాత్రలు సూచించారు గాని వాటిని వాడాలంటే భయంగా ఉంది. శ్వాస వ్యాయామం చేయమని ఒకరు, మూలికల మాత్రలు వేసుకోమని ఒకరు చెబుతున్నారు; మా ఇంట్లో పెద్దవారేమో అందరూ పడ్డదే కదా, ఓర్చుకోమంటున్నారు. మందులు లేకుండా నిజంగా పనిచేసేది ఏదైనా ఉన్నదా?

జవాబు: అమ్మా, ఓర్చుకోమన్న సలహాతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీకు వచ్చిన సలహాలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే. ఈ ఆవిర్లు ఒకటి రెండేళ్ళలో వాటంతట అవే పోతాయని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. అమెరికాలో స్త్రీలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన స్వాన్ అనే అధ్యయనం 2015లో వెల్లడించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలలో సగం మందికి అవి 7.4 సంవత్సరాలకు పైగా కొనసాగాయి. నెలసరి ఇంకా వస్తూ ఉండగానే బాధ మొదలైనవారిలోనైతే ఈ కాలం 12 సంవత్సరాలకు దగ్గరగా ఉన్నది. ఉద్యోగంలో మంచి అనుభవం గడించిన వయసులో ఇన్నేళ్ళ పాటు సిగ్గుతో, నిద్రలేమితో గడపమని ఎవరికీ చెప్పకూడదు.

మీ ఒంట్లో జరుగుతున్నది ఏమిటో తెలిస్తే తరువాత నేను చెప్పబోయే పద్ధతులు సులువుగా అర్థమవుతాయి. మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడిని అదుపులో ఉంచుతుంది. అక్కడే కిస్‌పెప్టిన్, న్యూరోకినిన్ బి, డైనార్ఫిన్ అనే మూడు రసాయనాలను విడుదల చేసే నాడీకణాలు ఉన్నాయి. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఈ కణాలను అదుపులో పెడుతుంది. ఈస్ట్రోజన్ తగ్గిపోగానే అవి ఉబ్బి, అతిగా చురుకై, పక్కనే ఉన్న ఉష్ణోగ్రతా కేంద్రాన్ని కలవరపెడతాయి. మామూలుగా మన శరీరం చెమట పట్టవలసిన వేడికీ వణుకు పుట్టవలసిన చలికీ మధ్య కొంత వెసులుబాటు ఉంచుకుంటుంది. రాబర్ట్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకుడు కొలిచి చూసినప్పుడు, ఆవిర్లు రాని స్త్రీలలో ఆ వెసులుబాటు సుమారు 0.4 డిగ్రీల సెల్సియస్ ఉండగా ఆవిర్లు వచ్చేవారిలో అది దాదాపు లేనే లేదు. అందువల్ల ఒంటి వేడి రవ్వంత పెరిగినా మెదడు పెద్ద ప్రమాదం వచ్చిపడినట్లు భావించి చర్మంలోని రక్తనాళాలను ఒక్కసారిగా తెరిచి, చెమట పట్టించి, వేడిని బయటకు నెట్టేస్తుంది. ఆ నెట్టడం అవసరానికి మించి జరుగుతుంది కనుకనే చివర మీకు చలి వేస్తున్నది. ఇదంతా శరీరంలో నిజంగా జరిగే మార్పు, మీ ఊహ కాదు. మనసుకు సంబంధించిన ఒక చికిత్స గురించి ఇప్పుడు చెప్పబోతున్నాను కాబట్టి ఈ మాటను ముందే స్పష్టం చేస్తున్నాను.

మరొక విషయాన్ని కూడా దాచకుండా చెప్పాలి. వేడి ఆవిర్లను తగ్గించడంలో హార్మోన్ చికిత్సకు సాటివచ్చే మందులేని పద్ధతి ఇంతవరకు లేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోల్చినప్పుడు ఆ చికిత్స ఆవిర్ల సంఖ్యను సుమారు 75 శాతం తగ్గిస్తుందని అనేక ప్రయోగాలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. 60 ఏళ్ళలోపు వయసుండి, ముట్లుడిగి పదేళ్ళు దాటని స్త్రీలలో, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు వంటి అడ్డంకులు లేనప్పుడు, దానివల్ల కలిగే మేలు సాధారణంగా ముప్పు కంటే ఎక్కువ. ఆ మాత్రలు వద్దనుకునే స్వేచ్ఛ మీకు సంపూర్ణంగా ఉన్నది. అయితే మీ భయం దేని గురించో డాక్టరు గారికి విప్పి చెప్పి, మీ విషయంలో ఆ ముప్పు ఎంతో అడిగి తెలుసుకున్న తరువాత నిర్ణయించుకోండి.

అదే సమీక్షలో నాకు ఎంతో ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటి ఉన్నది: ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న స్త్రీలలో కూడా ఆవిర్లు సగానికి పైగా తగ్గాయి. కాలం గడిచేకొద్దీ బాధ దానంతట అది కొంత తగ్గడం, చికిత్స జరుగుతున్నదన్న నమ్మకం కలిగించే ఊరట, ఈ రెండూ కలిసి ఆ ఫలితాన్ని ఇస్తాయి. ఫలానా మూలిక వాడితే తగ్గిందని మీ స్నేహితురాలు చెప్పినప్పుడు ఆమె అబద్ధమాడుతున్నట్లు కాదు. నిజంగానే తగ్గి ఉంటుంది. ఆ తగ్గుదల మూలిక వల్లనే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం ఒకరి అనుభవం నుంచి రాదు, ఒక వర్గానికి అసలు చికిత్స, మరొక వర్గానికి ఉత్తుత్తి చికిత్స ఇచ్చి పోల్చిచూసే ప్రయోగం నుంచే వస్తుంది.

అటువంటి ప్రయోగాలన్నిటినీ వడపోసి ఉత్తర అమెరికాకు చెందిన ది మెనోపాజ్ సొసైటీ 2023లో ఒక ప్రకటన చేసింది. మాత్ర, సూది అవసరం లేని పద్ధతులలో అది సిఫారసు చేసినవి మూడే: కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక శిక్షణ, వైద్య హిప్నాసిస్, అధిక బరువున్నవారు బరువు తగ్గడం. లయబద్ధంగా నెమ్మదిగా ఊపిరి తీసుకునే వ్యాయామం, మూలికలు, ఆక్యుపంక్చర్, చల్లదనం కలిగించే ఉపకరణాలు ఆ జాబితాలో చోటు సంపాదించలేకపోయాయి.

మొదటిదాన్ని వైద్యులు కుదించి సీబీటీ అంటారు. లండన్ కింగ్స్ కాలేజీలో మైరా హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ బాధ కోసం దానిని ప్రత్యేకంగా రూపొందించి పరీక్షించారు. 2012లో వెలువడిన మెనోస్ 2 అనే ప్రయోగంలో 140 మంది స్త్రీలు పాల్గొన్నారు. కొందరు బృందంగా కూర్చుని శిక్షణ పొందారు, కొందరు పుస్తకం చూసి ఇంటి దగ్గరే సాధన చేశారు, కొందరు ఏ శిక్షణా లేకుండా ఉన్నారు. శిక్షణ పొందిన రెండు వర్గాల వారికీ ఆవిర్ల వల్ల కలిగే బాధ చెప్పుకోదగినంత తగ్గింది, ఆ మేలు ఆరు నెలల తరువాత కూడా నిలిచి ఉన్నది. పగటిపూట వచ్చే ఆవిర్ల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. సంఖ్య తగ్గనప్పుడు ఇక లాభమేమిటని మీకు అనిపించవచ్చు. మీ ఉత్తరాన్ని మీరే మళ్ళీ చదివి చూడండి. సెగ ఉండేది రెండు మూడు నిమిషాలు. పాఠం మరచిపోయేలా చేస్తున్నది సెగ ఒక్కటే కాదు, దానితో పాటు వచ్చే సిగ్గు, అందరూ చూస్తున్నారన్న ఆలోచన, మళ్ళీ ఎప్పుడు వస్తుందోనన్న ఎదురుచూపు. ఆ ఆందోళన గుండె దడను పెంచుతుంది, దడ పెరిగితే సెగ ఇంకా ఎక్కువైనట్లు తోస్తుంది. సీబీటీ ఈ గొలుసును తెంపుతుంది.

ఇంటి దగ్గర మొదలుపెట్టాలంటే మొదటి రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో ప్రతి ఆవిరినీ రాయండి: ఎన్ని గంటలకు వచ్చింది, అప్పుడు ఏమి చేస్తున్నారు, మనసులో మెదిలిన మాట ఏది, ఆ బాధకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు. మూడవ వారం నుంచి ఆ మాటలను ఒక్కొక్కటిగా పరీక్షించండి. ‘పిల్లలంతా నన్నే చూస్తున్నారు, నా పని అయిపోయింది’ అని రాసుకుని ఉంటే, తరగతిలో నిజంగా ఎవరు ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. చెమట పట్టిన ఉపాధ్యాయురాలిని చూసిన పిల్లలు గదిలో ఉక్కగా ఉందనుకుంటారు, లేదా ఏమీ అనుకోరు. ‘ఇది రెండు నిమిషాలలో పోతుంది, ఇంతకుముందూ పోయింది’ అన్న మాటను ముందే సిద్ధం చేసుకుని, సెగ మొదలవగానే భుజాలు వదులు చేసి, పొట్ట కదిలేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ, దానితో పోరాడకుండా మీ మీదుగా సాగిపోనివ్వండి. ఊపిరి వ్యాయామం ఒక్కటే ఆవిర్ల సంఖ్యను తగ్గించదని చెప్పాను. ఇక్కడ దానిని వాడుతున్నది కంగారును ఆపడానికి, ఆ పని అది బాగానే చేస్తుంది. ‘ఒక్క నిమిషం, కిటికీ తీస్తాను’ అని మామూలు గొంతుతో చెప్పి పాఠం కొనసాగించడం కూడా శిక్షణలో భాగమే, ఎందుకంటే దాచుకోవాలన్న తాపత్రయం పోగానే సగం బరువు దిగిపోతుంది. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

వైద్య హిప్నాసిస్ మాటకొస్తే, ఆవిర్ల సంఖ్యను కూడా గట్టిగా తగ్గించినట్లు రుజువైన మందులేని పద్ధతి నా దృష్టిలో ఇదొక్కటే. టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఎల్కిన్స్ బృందం 187 మంది స్త్రీల మీద జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, వారానికొకటి చొప్పున ఐదు శిక్షణలు పొందినవారికి 12 వారాల నాటికి ఆవిర్లు సగటున 74 శాతం తగ్గాయి. నిపుణుడితో అంతే సమయం గడిపినా హిప్నాసిస్ పొందని వర్గంలో తగ్గుదల 17 శాతమే. స్త్రీలు చెప్పిన లెక్కతో సరిపెట్టుకోకుండా చర్మం మీది చెమటను పరికరంతో కొలిచినప్పుడు కూడా రెండు వర్గాల మధ్య పెద్ద తేడా కనిపించింది. రంగస్థలం మీద మనిషిని వశపరచుకుని ఆడించే ప్రదర్శనతో దీనికి పోలిక లేదు. కళ్ళు మూసుకుని, పూర్తి మెలకువతో, లోతైన విశ్రాంతిలోకి వెళ్ళి, చల్లని గాలినో పారే నీటినో మనసులో నిలుపుకోవడం ఇందులో ముఖ్యమైన భాగం. ఆ మాటలను రికార్డు చేసి ఇస్తారు, రోజూ ఇంటి దగ్గర విని సాధన చేయాలి. సరైన శిక్షణ ఉన్న మనస్తత్వ నిపుణులు లేదా వైద్యులు దొరకడమే అసలు కష్టం. దొరికితే మాత్రం ప్రయత్నించమని గట్టిగా చెబుతాను.

ప్రశ్న: నా భార్య వయసు 52 సంవత్సరాలు. రాత్రి మూడు నాలుగు సార్లు ఒళ్ళంతా చెమటతో తడిసి లేస్తుంది, దుప్పటి కూడా తడుస్తుంది. ఆ తరువాత తెల్లవార్లూ నిద్ర పట్టదు. పగలు చిరాకుగా, నీరసంగా ఉంటుంది. ఆమెకు నేను ఏ విధంగా సహాయపడగలను?

జవాబు: ముందుగా ఒక్క జాగ్రత్త. రాత్రి చెమటలన్నీ ముట్లుడగడం వల్లనే రావు. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని దగ్గు, మెడలోనో చంకలోనో గడ్డలు, చేతుల వణుకు వంటివి ఉంటే క్షయ, థైరాయిడ్ అతిగా పనిచేయడం, లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వంటి జబ్బులు లేవని నిర్ధారించుకోవాలి. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు, మధుమేహంలో రక్తంలో చక్కెర పడిపోవడం కూడా ఇలాంటి చెమటలు పట్టిస్తాయి. నెలసరి ఆగి ఏడాది దాటిన తరువాత మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే, అది ఒక్క చుక్కయినా, వెంటనే వైద్యులకు చూపించాలి.

ఇవేవీ లేవని తేలితే, చెమట కంటే ముందు నిద్ర మీద దృష్టి పెట్టమని నా సలహా. ఆవిరి వచ్చి మెలకువ రావడం ఒక ఎత్తు, ఆ తరువాత గంటల తరబడి నిద్ర పట్టకపోవడం మరొక ఎత్తు, రెండవదాన్ని మార్చగలం. అమెరికాలో 106 మంది స్త్రీలతో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అందులో నిద్రలేమి కోసం రూపొందించిన సీబీటీని ఎనిమిది వారాలలో ఆరు సార్లు ఫోను ద్వారానే నేర్పారు. నిద్ర బాగా మెరుగుపడింది; ఆవిర్ల సంఖ్య తగ్గకపోయినా రోజువారీ జీవితానికి అవి కలిగించే ఆటంకం తగ్గింది. అందులో నేర్పే నియమాలు సరళమైనవే గాని పాటించడం మొదట్లో కష్టం. ఎంత నిద్ర పట్టినా, పట్టకపోయినా ఉదయం ఒకే సమయానికి లేవాలి. కళ్ళు మూతలు పడుతున్నప్పుడే పక్క మీదికి చేరాలి. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలయినా నిద్ర రాదనిపిస్తే లేచి మరొక చోట మసక వెలుతురులో కూర్చుని, మగత కమ్మినప్పుడు తిరిగి రావాలి. గడియారం కళ్ళకు కనబడకుండా తిప్పి పెట్టాలి. పగటి నిద్ర మానుకోవాలి.

మీరు చేయగలిగినవి చిన్నవే అయినా విలువైనవి. పడక గదిని వీలైనంత చల్లగా ఉంచండి. ఇద్దరికీ కలిపి ఒక మందపాటి దుప్పటి కాకుండా ఎవరి పలుచని దుప్పట్లు వారికి వేరుగా ఉండనివ్వండి, అప్పుడు ఆమె ఒక్కొక్కటిగా తీసేసుకోగలదు. వదులైన నూలు దుస్తుల జత ఒకటి, తువ్వాలు, మంచినీళ్ళు చేతికందే దూరంలో పెడితే దీపం వేసి గది అంతా వెతకవలసిన పని ఉండదు. చల్లదనం ఆవిర్లను ఆపుతుందని రుజువు కాలేదు. వచ్చిన దానిని భరించడం తేలికవుతుంది, తిరిగి నిద్రపోవడం త్వరగా జరుగుతుంది. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఆమె లేచినప్పుడు విసుగు చూపకండి. మీరు ఈ ఉత్తరం రాశారంటే ఆ మాట మీకు నేను చెప్పనక్కరలేదేమో. ఇంట్లో అందరికీ ఈ విషయం తెలిసి ఉండడం వల్ల పగటి చిరాకుకు కారణం వారికి అర్థమవుతుంది, ఆమె ప్రతిసారీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: ఆరు నెలలుగా రోజూ ముప్పావు గంట నడుస్తున్నాను, యోగా తరగతికి వెళుతున్నాను. అయినా ఆవిర్లు తగ్గలేదు. నేను చేసే పద్ధతిలో ఏదైనా లోపం ఉన్నదా? నా వయసు 51, నా ఎత్తుకు ఉండవలసిన దానికంటే బరువు 14 కిలోలు ఎక్కువ.

జవాబు: మీలో ఏ లోపమూ లేదు. వ్యాయామం చేస్తే ఆవిర్లు పోతాయని మీకు చెప్పినవారు సదుద్దేశంతోనే చెప్పి ఉంటారు గాని, రుజువులు ఆ మాటను బలపరచడం లేదు. ఎంఎస్‌ఫ్లాష్ అనే పరిశోధన బృందం 355 మంది స్త్రీలను యోగా, వ్యాయామం, మామూలు దినచర్య అనే వర్గాలుగా విభజించి 12 వారాలు గమనించి 2014లో ఫలితాలు ప్రకటించింది. ఆవిర్ల సంఖ్యలో గాని వాటివల్ల కలిగే బాధలో గాని యోగా, వ్యాయామం మామూలు దినచర్య కంటే మెరుగని తేలలేదు. నిద్రలేమి మాత్రం రెండింటి వల్లా కొంత తగ్గింది. స్వీడన్‌లో బరువులతో కండరాలను బలపరిచే వ్యాయామాన్ని వారానికి మూడుసార్లు, 15 వారాల పాటు చేయించినప్పుడు ఆవిర్లు సగం వరకు తగ్గాయని 2019లో ఒక అధ్యయనం చెప్పింది. అందులో పాల్గొన్నవారు కొద్దిమందే కాబట్టి దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోమని చెప్పలేను. అయినా ఈ వయసులో ఎముకలకు, కండరాలకు అటువంటి వ్యాయామం ఎలాగూ అవసరం కనుక వారంలో రెండు మూడు రోజులు నడకతో పాటు దానిని కూడా చేర్చండి. నడక, యోగా మానకండి. గుండెకు, ఎముకలకు, మనసుకు అవి చేసే మేలు ఆవిర్ల లెక్కలో కనబడకపోయినా మీకు అందుతూనే ఉన్నది.

మీ ఉత్తరంలో ఆశ కలిగించే అంశం చివరి వాక్యంలో ఉన్నది. ఒంట్లోని కొవ్వు దుప్పటిలా పనిచేసి వేడిని బయటకు పోనివ్వదు, అందుకే ముట్లుడిగే తొలి సంవత్సరాలలో బరువు ఎక్కువగా ఉన్నవారికి ఆవిర్లు ఎక్కువగా వస్తాయి. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా అధ్యయనంలో 17,473 మంది స్త్రీల వివరాలను పరిశీలించినప్పుడు, ఏడాదిలో 4.5 కిలోలు గాని తమ బరువులో పదవ వంతు గాని తగ్గినవారికి ఆవిర్లు పూర్తిగా పోయే అవకాశం, బరువు తగ్గనివారితో పోలిస్తే, ఎక్కువని తేలింది. కాబట్టి 14 కిలోలూ తగ్గాలని బెంగపడకుండా మొదటి 5 కిలోల మీదే దృష్టి నిలపండి. నడకతో మాత్రమే అది సాధ్యం కాదు. తినే పరిమాణం తగ్గాలి, దానికి ఆహార నిపుణుల సలహా తీసుకోవడం మంచిది. పొగతాగే అలవాటు ఉన్నవారికి ఆవిర్లు ఎక్కువని కూడా అధ్యయనాలు చూపాయి. మీకు ఆ అలవాటు లేకపోవచ్చు, ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను.

ప్రశ్న: నాకు 47 సంవత్సరాలు. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. రెండేళ్ళుగా టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఆవిర్లు భరించలేకుండా ఉన్నాయి. నాకు హార్మోన్ చికిత్స పనికిరాదన్నారు. సోయా గుళికలు, బ్లాక్ కోహాష్ అనే మూలిక మాత్రలు సహజమైనవి కాబట్టి హాని చేయవని చదివాను. వాడవచ్చునా? ఒక్కోసారి టామాక్సిఫెన్ మానేయాలనిపిస్తున్నది.

జవాబు: టామాక్సిఫెన్‌ను మీ అంతట మీరు ఆపకండి. జబ్బు తిరగబెట్టకుండా అది మీకు కాపలా కాస్తున్నది. ఆవిర్లు ఆ మందు వల్ల సాధారణంగా కనిపించే దుష్ఫలితం, మీ క్యాన్సర్ వైద్యులు ఆ మాట ఎన్నోసార్లు విని ఉంటారు. మానేయాలనిపిస్తున్నదని వారికి దాపరికం లేకుండా చెప్పండి. వారి దగ్గర వేరే మార్గాలు ఉంటాయి, హార్మోన్లు కాని మందులు కూడా ఉన్నాయి.

బ్లాక్ కోహాష్‌ను 351 మంది స్త్రీలతో ఏడాది పాటు పరీక్షించి 2006లో ప్రకటించిన ఫలితం నిరాశ కలిగించింది. దానిని ఒంటరిగా ఇచ్చినా, ఇతర మూలికలతో కలిపి ఇచ్చినా ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాలేదు. అరుదుగానే అయినా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. సోయాలో ఈస్ట్రోజన్‌ను పోలిన ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. ఆహారంలో భాగంగా మామూలు మోతాదులో సోయా తినడానికి అభ్యంతరం లేదు గాని, ఆ పదార్థాన్ని గాఢంగా దట్టించిన గుళికలు మీ వంటి వారికి తగవు. దిగులు తగ్గడానికి అమ్మే సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలిక విషయంలో మరీ జాగ్రత్త అవసరం. అది కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి, మీకు అత్యవసరమైన టామాక్సిఫెన్ ప్రభావాన్ని తగ్గించవచ్చు. సహజమన్న మాట వినడానికి హాయిగా ఉంటుంది, కాని మీ స్థితిలో ఏ మూలికనూ వైద్యులకు చెప్పకుండా నోట వేసుకోకూడదు.

మీకు నేను ఇవ్వగలిగిన మంచి కబురు సీబీటీ గురించే. పైన చెప్పిన హంటర్ బృందమే మెనోస్ 1 అనే ప్రయోగాన్ని రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 96 మంది స్త్రీలతో నిర్వహించి 2012లో ఫలితాలు ప్రచురించింది. వారానికి గంటన్నర చొప్పున ఆరు వారాలు బృందంగా శిక్షణ పొందినవారికి ఆవిర్ల బాధ స్పష్టంగా తగ్గింది, 26 వారాల తరువాత కూడా ఆ మేలు నిలిచింది. ఇందులో టామాక్సిఫెన్‌తో తలపడేది ఏదీ లేదు. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబులోని సాధనను ఈ రోజే మొదలుపెట్టి, మీ ఆసుపత్రిలో మానసిక నిపుణులు ఉంటే ఈ శిక్షణ కావాలని పేరు పెట్టి అడగండి.

ప్రశ్న: నాకు 39 సంవత్సరాలు. ఏడాది క్రితం గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు, క్యాన్సర్ ఏమీ లేదు. మరుసటి వారం నుంచే తీవ్రమైన ఆవిర్లు. మందులు వాడకుండా సహజంగానే తగ్గించుకోవాలని నా పట్టుదల. ఏ పద్ధతి మంచిది?

జవాబు: మీకు మాత్రం నేను వేరే జవాబు ఇవ్వాలి, దయచేసి శ్రద్ధగా చదవండి. సహజంగా ముట్లుడిగేవారిలో ఈస్ట్రోజన్ కొన్నేళ్ళ మీద తగ్గుతూ వస్తుంది. మీకు ఒక్క రోజులో పోయింది, అందుకే ఇంత తీవ్రత. మీ విషయంలో ఆవిర్లు పైకి కనబడే బాధ మాత్రమే. ఇంత చిన్న వయసులో ఈస్ట్రోజన్ లేకుండా పోతే ఎముకలు త్వరగా గుల్లబారుతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అందువల్ల, వాడకూడని కారణం ఏదీ లేనప్పుడు, సహజంగా ముట్లుడిగే సగటు వయసైన 51 వరకు అయినా హార్మోన్ చికిత్స తీసుకోమని వైద్య మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. శరీరం తయారుచేసుకోవలసిన పదార్థాన్ని తిరిగి ఇవ్వడమే దాని ఉద్దేశం. యాభై దాటిన స్త్రీల గురించి మీరు విన్న హెచ్చరికలను యథాతథంగా మీకు వర్తింపజేసుకోకండి.

సీబీటీ, హిప్నాసిస్, బరువు అదుపు మీకు కూడా పనికివస్తాయి, కాని అవి ఎముకను గాని గుండెను గాని కాపాడలేవు. హార్మోన్ చికిత్సకు తోడుగా వాటిని నిరభ్యంతరంగా చేయండి. ఈ వారంలోనే స్త్రీవ్యాధి నిపుణులను కలిసి, ఏడాదిగా చికిత్స లేకుండా గడిచిందని చెప్పండి. మీకు హార్మోన్లు ఇవ్వకూడని కారణం ఏదైనా ఉన్నదా, గర్భసంచి లేదు కనుక ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుందా, చర్మం మీద అంటించే పట్టీ రూపంలో తీసుకోవచ్చునా, ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించాలి అని అడిగి, వారు చెప్పినది అక్కడే రాసుకోండి. శస్త్రచికిత్స నాటి కాగితాలన్నీ వెంట తీసుకువెళ్ళండి.